గవ్వ డైరీ: భయపడే కుక్కతో 150 రోజులు, తప్పులూ లెక్కలూ

గవ్వ మా కుక్క. ఆడది, పళ్ళు చూసి రెండేళ్ళు ఉండొచ్చు అన్నారు వెట్. వచ్చినప్పుడు బరువు 14.2 కిలోలు. ఇంట్లో సోఫా కింద ముడుచుకుని నిజంగానే గవ్వలా పడుంటుంది, బయట ఇంకో కుక్క కనబడిందా ఇక లీష్ చివర రెండు కాళ్ళ మీద లేచి గొంతు చించుకుంటుంది. ఎందుకు తెచ్చుకున్నాం, మొదటి రోజు ఎంత ముద్దొచ్చింది, అవన్నీ వదిలేస్తున్నా. నేను పడ్డ గోతుల్లో ఇంకొకళ్ళు పడకూడదని రాస్తున్నా, అంతే.

ముందు నేను వాడే మూడు కొలతలు చెప్తా, కింద అన్నిచోట్లా ఇవే వస్తాయి.

1. పేలడం: మొరుగుతూ లీష్ మీద ఎగబడటం. ఒకసారి మొదలై ఆగేదాకా ఒకటి కింద లెక్క.
2. దూరం: ఎదుటి కుక్కని చూసి కూడా నా చేతిలో తిండి ముక్క తినగలిగే అతి తక్కువ దూరం. టేపు పట్టుకుని తిరగలేం కాబట్టి అంగల్లో లెక్కేస్తా, నా అంగ 65 సెంటీమీటర్లు (వంద అంగలు నడిచి మొత్తం కొలిచి భాగిస్తే వచ్చింది).
3. తేరుకునే టైం: పేలాక అక్కడి నుంచి పక్కకి తెచ్చేశాక, ఒళ్ళు విదిలించుకుని నేల వాసన చూసి ముక్క తీసుకునే వరకు ఎన్ని నిమిషాలు. ఫోన్ స్టాప్‌వాచ్.

మొదటి మూడు వారాలు నేను మొదటిదొక్కటే కొలిచా. కొంప ముంచింది అదే.

దశ 1: రోజులు 1–21. అంకెలు దిగాయి, కుక్క కూడా దిగిపోయింది

రోజుకి రెండు వాక్‌లు. ఒక ట్రైనర్ ఏం చెప్పాడంటే, కుక్కలు ఎక్కువ ఉండే చోటికే తీసుకెళ్ళండి, చూసి చూసి అదే అలవాటు పడుతుంది, మొరిగితే లీష్ ఒక గుంజు గుంజండి అని. నాకూ సబబుగానే అనిపించింది. మొదటి వారం 23 సార్లు పేలింది, రెండో వారం 14, మూడో వారం 6. నోట్‌బుక్‌లో గ్రాఫ్ గీశా కూడా, గీత కిందకి దిగుతుంటే నేను గాల్లో తేలుతున్నా.

నోట్‌బుక్‌లో నేను రాయనివి చాలా ఉన్నాయి. రాత్రి గిన్నె సగం వదిలేస్తోంది. లీష్ తియ్యగానే మంచం కిందకి దూరుతోంది. బరువు 13.5కి వచ్చింది. వాక్‌లో తోక పొట్టకి అంటుకుపోయి, ఎవరో తాళం వేసినట్టు నడుస్తోంది, నేనేమో ఆ పూటకి "0, సూపర్ వాక్" అని రాసుకున్నా.

21వ రోజు సాయంత్రం మా తమ్ముడు కాలర్‌కి లీష్ తగిలించడానికి వంగాడు, చెయ్యి పట్టేసింది. చర్మం తెగలేదు, రెండు పళ్ళ గుర్తులు పడ్డాయి. "అక్కా, గుర్రుమనలేదు, ఏం లేదు, డైరెక్ట్‌గా పట్టేసింది" అన్నాడు. ఆ రాత్రి పాత వీడియోలన్నీ ముందేసుకుని కూర్చున్నా. మొదటి వారం వీడియోల్లో పేలేముందు వరసగా ఇవన్నీ ఉన్నాయి: తెరిచి ఉన్న నోరు టక్కున మూసుకుంటుంది, చెవులు ముందుకొస్తాయి, బరువు ముందుకాళ్ళ మీద పడుతుంది, ఊపిరికి ఊగే పొట్ట ఆగిపోతుంది, మెడ దగ్గర వెంట్రుకలు లేస్తాయి, అప్పుడు గుర్రు, అప్పుడు మొరుగుడు. మొత్తం రెండు సెకన్లు కూడా ఉండదు, స్లో మోషన్‌లో పెడితేనే కనబడింది. మూడో వారం వీడియోల్లో నోరు మూసుకోవడం ఉంది, పొట్ట ఆగిపోవడం ఉంది, కళ్ళల్లో తెల్లగుడ్డు కనబడుతోంది, గుర్రు, మొరుగుడు లేవు. మొరిగితే గుంజుడు పడుతుందని తెలిసింది కాబట్టి మొరగడం మానేసింది, భయం మాత్రం ఉన్నచోటే ఉంది. నా గ్రాఫ్‌లో ఆ దిగే గీత అదే.

ఇంకోటి, అలవాటు చేసే వయసు కూడా దాటిపోయింది. కుక్కపిల్లలు కొత్తవాటిని భయం లేకుండా ఒప్పుకునే కాలం సుమారు 3వ వారం నుంచి 12–14 వారాల దాకా. రెండేళ్ళ కుక్కని గుంపులోకి తోస్తే అది సోషలైజేషన్ అనిపించుకోదు, ఈత రానివాణ్ణి బావిలోకి నెట్టడమే.

ఇప్పటిదాకా: వాక్‌లు 42, పేలడాలు 43, కరవడం 1, బరువు 13.5. దూరం, తేరుకునే టైం కొలవలేదు.

దశ 2: రోజులు 22–35. వాక్‌లు బంద్

పద్నాలుగు రోజులు గేటు దాటలేదు. ఒకటి, రెండు అన్నీ పెరట్లోనే. ఇది ఓటమిలా అనిపించింది, ఇంట్లోవాళ్ళు కూడా "కుక్కని వాక్‌కి తీసుకెళ్ళకపోతే ఎలా" అని. కానీ రోజూ రెండుసార్లు హడలిపోయే కుక్కకి ఏదీ నేర్పలేం, ముందు అది నిద్రపోవాలి, తినాలి.

మొదట చేయాల్సింది నేను 23వ రోజున చేశా: వెట్ దగ్గర పూర్తి చెకప్. ఎడమ చెవి లోపల ఇన్‌ఫెక్షన్. తమ్ముడు వంగింది ఎడమ పక్క నుంచే, కాలర్ బకిల్ కూడా అటే ఉండేది. రెండు వారాలు చుక్కలు వేశాక తల దగ్గరకి చెయ్యి వస్తే తప్పించుకోవడం చాలావరకు తగ్గింది. ట్రైనర్ కంటే ముందు వెట్ దగ్గరకే వెళ్ళాలి, చెవులు, పళ్ళు, తుంటి, వీపు అన్నీ చూడమని అడగాలి. నొప్పి ఉన్న కుక్కకి ట్రైనింగ్ ఇవ్వడమంటే చిల్లు కుండలో నీళ్ళు పోయడమే.

రెండోది కిటికీ. రోడ్డు వైపు కిటికీ దగ్గర రోజుకి ఎన్నిసార్లు మొరుగుతుందో లెక్కపెడితే 17. అంటే నేను వాక్‌లు ఆపినా అది ఇంట్లో కూర్చునే రోజుకి పదిహేడు సార్లు ప్రాక్టీస్ చేస్తోంది. అద్దానికి అతికించే మసక ఫిల్మ్ తెచ్చా. గవ్వ కంటి ఎత్తు 50 సెంటీమీటర్లు, అందుకని తెలివిగా 60 దాకా అతికించా. మర్నాడు లెక్క 15. ఎలాగా అని చూస్తే సోఫా వీపు మీదెక్కి ఫిల్మ్ పైనుంచి చూస్తోంది మహారాణిలా. సోఫా జరిపి, ఫిల్మ్ 120 సెంటీమీటర్ల దాకా పెంచా. మర్నాడు 5, 35వ రోజుకి 3. ఈ 150 రోజుల్లో శ్రమ తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఏదంటే ఇదే, అరగంటలో అయిపోయింది.

మూడోది ముక్కు పని. పాత టవల్ మడతల్లో తిండి గింజలు చల్లి చుట్టి ఇచ్చేదాన్ని, విప్పుకుని తినడానికి మొదట్లో 12 నిమిషాలు పట్టేది. అయ్యాక గంట నిద్ర.

ఇప్పటిదాకా: వాక్‌లు 42, బయట పేలడాలు 43, కిటికీ దగ్గర 17 నుంచి 3, బరువు 13.9.

దశ 3: సామాను, ఒక తప్పించుకోవడం

38వ రోజు. మళ్ళీ బయటికెళ్ళడం మొదలుపెట్టి మూడో రోజు, మూల తిరగగానే ఎదురుగా కుక్క, గవ్వ వెనక్కి వెనక్కి నడుస్తూ భుజాలు ముడిచి తల దించింది అంతే, హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీలు) నా చేతిలో, కుక్క రోడ్డు మీద. నేను పేరు పెట్టి అరుస్తూ వెంటపడ్డా, నేను ఎంత పరిగెడితే అది అంత దూరం జరిగింది. వెనక నుంచి తమ్ముడు "అక్కా, పరిగెత్తకు, కూర్చో!" అని అరిచాడు. కూర్చున్నా, రోడ్డు పక్కనే, దానికి వీపు పెట్టి, ముక్కలు నేల మీద ఒక్కోటి వేస్తూ. నాలుగు నిమిషాలు. తడి ముక్కు మోచేతికి తగిలినప్పుడు కూడా వెంటనే పట్టుకోలేదు, ఇంకో నాలుగు ముక్కలు తిననిచ్చి అప్పుడు కాలర్‌లో వేళ్ళు దూర్చా. చేతులు ఇంటికొచ్చాక వణకడం మొదలైంది.

ఆ రోజు సాయంత్రమే మార్చినవి:

1. ఛాతీ మీద ఒక పట్టీ మాత్రమే ఉండే హార్నెస్ పక్కన పెట్టేశా. పక్కటెముకల వెనక, నడుము సన్నబడే చోట ఇంకో పట్టీ ఉన్నది తీసుకున్నా. ఛాతీ ఆ నడుము పట్టీలోంచి రాదు కాబట్టి వెనక్కి లాగినా ఊడదు.
2. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి, మూడో వేలు దూరకూడదు. బరువు మారినప్పుడల్లా మళ్ళీ చూడాలి, నాది ఊడింది అందుకే, 14.2 ఉన్నప్పుడు సరిచేసిన పట్టీ 13.9కి వదులైంది.
3. హార్నెస్‌కీ కాలర్‌కీ మధ్య చిన్న జోడింపు పట్టీ. ఒకటి ఊడినా రెండోది ఉంటుంది.
4. లీష్ 3 మీటర్లు, మామూలు పట్టీది. బటన్ నొక్కితే సాగే రకం ఇలాంటి కుక్కకి వద్దు, చేతిలోంచి జారితే ఆ ప్లాస్టిక్ పిడి వెనకాల దడదడలాడుతూ తరుముతుంది, దానికి ఇంకా భయం.
5. గేటు దాటేముందు ప్రతి బకిల్, ప్రతి హుక్ లాగి చూడటం. పది సెకన్లు.

మజిల్ (కరవకుండా మూతికి తొడిగేది) కూడా ఈ దశలోనే. ఒకసారి పట్టింది కాబట్టి ఇంక మొహమాటపడలేదు. బుట్ట రకమే తీసుకున్నా, లోపల నోరు తెరిచి వగర్చగలగాలి, నీళ్ళు తాగగలగాలి, ముక్క తినగలగాలి. కుక్క ఒంటి వేడి ప్రధానంగా పోయేది వగర్చడం వల్లే, అందుకే మూతి బిగించేసే గుడ్డ రకంతో వాక్‌కి వెళ్ళకూడదు. అలవాటు చేసిన వరస:

1. బుట్ట నేల మీద, అందులో ముక్క. అదే మూతి పెట్టాలి, మనం తొడగకూడదు.
2. బుట్ట చేతిలో, మూతి లోపల 1 సెకను, తర్వాత 5, తర్వాత 20. లోపలి గోడకి పీనట్ బటర్ రాశా (జైలిటాల్, అంటే చక్కెర బదులు వాడే తీపి, కలిపినది కుక్కలకి విషం, డబ్బా మీద చదవకుండా పెట్టొద్దు).
3. పట్టీ చెవుల వెనక తగిలించి వెంటనే తీసెయ్యడం.
4. బకిల్ పెట్టి 5 సెకన్లు, 30 సెకన్లు, 2 నిమిషాలు.
5. ఇంట్లో బుట్టతోనే టవల్ ఆట, తర్వాత పెరడు, తర్వాత బయట.

నాలుగో రోజే హుషారుగా బకిల్ పెట్టేశా. ముందుకాళ్ళతో గీరి గీరి మూతి మీద ఎర్రగా గీత పడింది, మర్నాడు బుట్ట కనబడగానే సోఫా కిందకి. మళ్ళీ 1కి. మొత్తం 16 రోజులు పట్టింది, అందులో మూడు నా తొందర ఖాతాలోవి.

దశ 4: రోజులు 41–62. ముక్క ముందా, చూపు ముందా

పుస్తకం ప్రకారం నేను చేస్తున్నది కరెక్టే: కుక్క కనబడినప్పుడు చికెన్ ముక్క. కానీ చేసే తీరు ఏంటంటే, నాకు ఎత్తు ఉంది కాబట్టి ఎదుటి కుక్క నాకే ముందు కనబడుతుంది, కంగారుగా ముక్కలుండే పౌచ్ వెల్క్రో చర్రున లాగి ముక్క దాని ముక్కు ముందు పెట్టి, అది చూడకుండానే దాటించేద్దామని చూసేదాన్ని. పదిరోజులు పోయాక ఒక సాయంత్రం ఇంట్లో ఊరికే పౌచ్ తెరిచా. చర్ర్. గవ్వ లేచి నిలబడి, నోరు మూసుకుని, నాలుగు దిక్కులా చూసింది, మంచం కింద కుక్క ఉందేమో అన్నట్టు. ఆ చప్పుడైతే కుక్క వస్తుంది అని నేనే పాఠం చెప్పానన్నమాట. చికెన్ కూడా అనుమానాస్పదం అయిపోయింది, తాడే పామై కరవడం అంటే ఇదే.

గంట కొట్టి తిండి పెడితే గంటకి నోరూరుతుంది, తిండి పెట్టాక గంట కొడితే పెద్దగా ఏమీ రాదు అని పావ్‌లోవ్ కుక్కల గురించి అందరం బళ్ళో చదువుకున్నదే. చదువుకున్నా, లీష్ చేతిలో ఉండగా గుర్తు రాలేదు.

మార్చిన పద్ధతి:

1. వెల్క్రో పౌచ్ పక్కన పెట్టి, మూత లేని మెత్తటి గుడ్డ సంచి. పాత పౌచ్‌ని ఇంట్లో రోజుకి పదిసార్లు తెరిచి ఒక ముక్క వెయ్యడం, ఆ చప్పుడుకున్న చెడ్డపేరు పోగొట్టడానికి. దీనికి 9 రోజులు.
2. దూరంగా, మా వెనక దారి ఖాళీగా ఉండే చోట నిలబడటం. కుక్క కనబడాలి, గవ్వ చూడాలి. మనసులో "ఒకటి" అనుకున్నాకే చెయ్యి సంచిలోకి.
3. ఎదుటి కుక్క కనబడుతున్నంతసేపూ ఒక్కో ముక్క. కనుమరుగవగానే ముక్కలు బంద్, చెయ్యి పక్కకి.
4. మూడు కుక్కలు కనబడ్డాక లేదా 12 నిమిషాలకి, ఏది ముందైతే అది, ఇంటికి. "బాగా చేస్తోంది కదా ఇంకొక్కటి" అన్న ప్రతిసారీ ఆ ఇంకొక్కటే పేలింది, నాలుగుసార్లు రాసిపెట్టుకున్నా.
5. ముక్కలు బఠాణీ గింజంత, పూటకి 60 గ్రాములకి మించకుండా తూచి. అంత మేర గిన్నెలో తగ్గించడం.

దూరం తేల్చడానికి నా వేళ్ళే మీటరు అయ్యాయి. పెదాలతో మెత్తగా తీసుకుంటే దూరం సరిపోయింది. పళ్ళు వేళ్ళకి తగిలేలా లాక్కుంటే అంచు మీద ఉన్నాం, పది అంగలు వెనక్కి. ముక్క పెదాలకి తగిలినా నోరు తెరవకపోతే అప్పటికే ఆలస్యమైంది, ఇంక నేర్పడం ఏం లేదు, వెనక్కి తిరిగి నడవడమే. ఇది తెలిశాక బాడీ లాంగ్వేజ్ చార్టులు చూడటం మానేశా, వేళ్ళకి తెలిసిపోయేది. (మజిల్ వేసుకున్నా ఇది పనిచేస్తుంది, బుట్ట సందులోంచి ఇస్తే చాలు.)

మొదటిసారి కొలిచినప్పుడు వచ్చిన దూరం 72 అంగలు, అంటే 47 మీటర్లు. మొదటి మూడు వారాలు నేను దాన్ని ఐదారు మీటర్ల పక్కనుంచి నడిపించా.

ఈ పద్ధతికి నూరేళ్ళు దాటాయట. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ పీటర్ అనే పిల్లాడి కుందేలు భయం మీద చేసిన పని అచ్చు వేశారు, వాడికి అప్పటికి మూడేళ్ళు నిండలేదు. పిల్లాడు ఇష్టమైనది తింటూ ఉండగా, తినడం ఆపనంత దూరంలో కుందేలు ఉన్న బోను పెట్టి రోజురోజుకీ దగ్గరకి తెచ్చారు. చివరికి కుందేలు వేళ్ళు కొరుకుతున్నా ఊరుకున్నాడు. పీటర్ మళ్ళీ వస్తాడు కింద.

ఇప్పటిదాకా: సెషన్లు 20 (36వ రోజు నుంచి, వాక్ అనడం మానేశా), పేలడాలు 43 + 9 = 52, దూరం 47 మీటర్లు, తేరుకునే టైం 11 నిమిషాల నుంచి 6కి. బరువు 14.1.

దశ 5: రోజులు 63–105. మందు, ముసలి స్నేహితుడు, బిళ్ళల చప్పుడు

ఇందులో రెండు పనులు ఒకేసారి మొదలుపెట్టా, అదొక తప్పు, ఏది ఎంత పనిచేసిందో ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

ఒకటి మందు. 66వ రోజు వెట్ ఫ్లుయోక్సెటిన్ (ఆందోళన తగ్గించే మందు) రాశారు. నాకు ఇష్టం లేదు, కుక్కని మత్తులో పెడతారేమో అని. ఇది ఆ రకం కాదు, రోజూ వెయ్యాలి, పూర్తిగా పనిచెయ్యడానికి 4 నుంచి 8 వారాలు పడుతుంది, మనిష్టం వచ్చినట్టు సడన్‌గా ఆపకూడదు. మొదటి రెండు వారాలు ఆకలి తగ్గింది (మామూలుగా వచ్చే సైడ్ ఎఫెక్టే అని ముందే చెప్పారు), ట్రీట్ మీద బతికే ప్రోగ్రాంలో ఆకలి పోతే గోరుచుట్టు మీద రోకటిపోటే. ఆ పదిహేను రోజుల్లో సెషన్లు మూడే చేశా. మోతాదు రాయను, అది మీ వెట్ మీ కుక్కని చూసి చెప్పాల్సింది.

రెండోది హెల్పర్ కుక్క. మా స్నేహితురాలి కుక్క, పదకొండేళ్ళ ముసలాడు, ఎవడు మొరిగినా తల తిప్పి ఇంకోవైపు చూసే పెద్దమనిషి. రోడ్డు మీద ఎదురయ్యే కుక్కలతో చిక్కేంటంటే అవి ఎప్పుడు వస్తాయో, ఎంత దగ్గరకొస్తాయో మన చేతిలో ఉండదు. ముసలాయన్ని మాత్రం 70 అంగల దూరంలో నిలబెట్టి, స్నేహితురాలు ఫోన్‌లో ఉండి, "ఇప్పుడు రా", "ఆగు", "గోడ వెనక్కి వెళ్ళిపో" అంటే అంతే. ఒక సెషన్‌కి 6 దర్శనాలు, ఒక్కోటి 10 సెకన్లు. ఒకే దూరంలో వరసగా మూడు సెషన్లు పెదాలతో తింటేనే 5 అంగలు తగ్గించడం.

గవ్వ అతన్ని చూడకముందే బిగుసుకుపోతోందని నాలుగో సెషన్‌లో గమనించా. అతని మెడలో బిళ్ళలు, టింగు టింగుమని. కుక్క రాకముందే ఆ చప్పుడు వచ్చేస్తుంది కాబట్టి సగం భయం చెవుల నుంచే. ఆ చప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేసి ఇంట్లో వాల్యూమ్ 1 మీద పెట్టి, వినబడిన సెకనుకి ముక్క, రోజుకి 8 సార్లు. ఇక్కడ కూడా ఒకటి చెడగొట్టా: అది పడుకునే పరుపు పక్కనే పెట్టి ప్లే చేశా. రెండు రోజులు పరుపు ఎక్కలేదు. దానికి ఇంట్లో ఉన్న ఒక్క భద్రమైన చోటు అది, అక్కడ పరీక్షలు పెట్టకూడదని నాకు తోచలేదు. వంటింటి గుమ్మం దగ్గరకి మార్చాక సర్దుకుంది, 14 రోజులకి వాల్యూమ్ 6.

మందు ప్రభావం ఆరో వారం దగ్గర నోట్స్‌లో కనబడింది, దూరం కంటే ముందు తేరుకునే టైంలో. అంతకుముందు ఒకసారి పేలితే ఆ పూటంతా గయ్యిమంటూనే ఉండేది, ఇప్పుడు వెనక్కి తిప్పుకొస్తే చెట్టు మొదలు వాసన చూసి, తల నుంచి తోక దాకా ఒకసారి విదిలించుకుని, నా వైపు చూస్తోంది.

ఇప్పటిదాకా: సెషన్లు 49, పేలడాలు 58, దూరం 43 అంగలు (28 మీటర్లు), తేరుకునే టైం 2 నిమిషాల 40 సెకన్లు, బరువు 14.0.

దశ 6: రోజులు 106–118. మొదటికే మోసం

106వ రోజు తెల్లవారుజామున ఉరుములు, 4 గంటల నుంచి బాత్రూంలో టబ్ వెనక. మధ్యాహ్నం ఇంటికి నలుగురు చుట్టాలు. సాయంత్రానికి మబ్బు విడిచింది కదా అని సెషన్‌కి తీసుకెళ్ళా. లీష్ లేని కుక్క ఒకటి మూల నుంచి మా మీదకి పరిగెత్తుకొచ్చింది. దానికీ గవ్వకీ మధ్య నిలబడి గుప్పెడు ముక్కలు దాని మొహం మీదకి విసిరా, అది తినడానికి ఆగింది, మేం తప్పుకున్నాం. అయినా 12 నిమిషాల్లో 4 సార్లు పేలింది, చివరిది సైకిల్ చూసి, సైకిల్ అంటే దానికి ఎప్పుడూ భయం లేదు.

ఇంతవరకు దురదృష్టం. మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళడం మాత్రం అచ్చంగా నా మొండితనం, "నిన్నటిది మరిచిపోవాలి" అని. ముసలాయన్ని 43 అంగల్లో చూసి కూడా పేలింది, రెండుసార్లు. తమ్ముడు ఏమీ అనలేదు, లీష్ నా చేతిలోంచి తీసుకుని ఇంటివైపు నడిచాడు.

పీటర్ గురించి మిగతా సగం ఇప్పుడు చెప్తా. మొదట భయం లేని పిల్లలతో కలిపి ఆడించడంతో పిల్లాడు బాగా మెరుగుపడ్డాక స్కార్లెట్ ఫీవర్ వచ్చి రెండు నెలలు ఆస్పత్రిలో ఉన్నాడు, బయటికొచ్చి టాక్సీ ఎక్కుతుండగా ఒక పెద్ద కుక్క మీదకి దూకింది. భయం మళ్ళీ మొదటికొచ్చింది. (కుందేలు భయం కేసుని పాడుచేసింది కూడా కుక్కే!) వాళ్ళు మళ్ళీ దూరం నుంచి మొదలుపెట్టారు, పైన చెప్పిన తిండి పద్ధతి చేసింది అప్పుడే. నేనూ అదే చేశా, 5 రోజులు పూర్తి సెలవు, తర్వాత 70 అంగల నుంచి.

సాధనం ఒకటి కొత్తగా చేర్చా. ఫ్రిజ్ మీద కాగితం, రోజు మార్కులు:

1. ఉరుములు, టపాసులు: 3
2. ఇంటికి చుట్టాలు: 2
3. వెట్ దగ్గరకి, స్నానం, గోళ్ళు: 2
4. కిటికీ దగ్గర మూడుసార్లకి మించి మొరుగుడు: 1
5. రాత్రి నిద్ర చెడటం: 1
6. నిన్న పేలి ఉంటే: ఒక్కో పేలడానికి 1

మొత్తం 3 అయినా, దాటినా ఆ రోజు బయటికి లేదు, టవల్ ఆటే. నేనేసిన మార్కులు నా అంచనావి, సైన్సేం కాదు, మీ కుక్కకి మీరు వేసుకోవాలి. 106వ రోజుకి వేసి చూస్తే గేటు దాటకముందే 6.

ఇప్పటిదాకా: సెషన్లు 55, పేలడాలు 65, దూరం 58 అంగలు (38 మీటర్లు), తేరుకునే టైం 7 నిమిషాలు.

దశ 7: రోజులు 119–150

పోయింది అనుకున్నది తిరిగి రావడానికి మొదటిసారి పట్టినంత పట్టలేదు, 38 నుంచి 28 మీటర్లకి 11 రోజులే. కాగితం చూసి ఆపేసిన రోజులు 8.

కొత్తగా నేర్పింది ఒక్కటే, "పద పద" అంటే వెనక్కి తిరగడం. ఖాళీ పెరట్లో 60 సార్లు, ఏ కుక్కా లేనప్పుడు, సరదా గొంతుతో. మూల దగ్గర హఠాత్తుగా కుక్క ఎదురైతే నా గొంతు కీచుమంటుంది కాబట్టి చివరి 20 సార్లు కావాలనే కీచు గొంతుతో ప్రాక్టీస్ చేశా, తమ్ముడు పడీపడీ నవ్వాడు. 127వ రోజు నిజంగా పనికొచ్చింది, మాట నోట్లో ఉండగానే తిరిగేసింది.

ఇంకా కానివి: మూల మలుపులు కష్టమే, అక్కడ రెండుసార్లు పేలింది ఈ నెల. పక్కింటి అంకుల్ తన కుక్కతో ఎదురైనప్పుడల్లా "ఏమ్మా, ఇంకా మావాడితో ఆడుకోదా?" అంటారు. "ఆడుకోదండీ, మీరు ఆ పక్క నుంచి వెళ్తే చాలు" అంటా. మొదట్లో ఆయన మాటకి సిగ్గుపడి గవ్వని ముందుకి తోసేదాన్ని. అది ఏ కుక్కతోనూ ఆడక్కర్లేదు, రోడ్డు మీద వేరే కుక్కలు కూడా ఉంటాయని ఒప్పుకుంటే నాకు చాలు.

148వ రోజు నోట్సు ఉన్నదున్నట్టు: "ముసలాయన 29 అంగలు. చూసింది. ఒకటి అనుకునేలోపే నా వైపు తిరిగింది, నేనింకా సంచిలో చెయ్యి పెట్టలేదు. పెదాలతో తీసుకుంది. మళ్ళీ చూసింది, మళ్ళీ తిరిగింది. ఆరుకి ఆరు. తుమ్మింది." తుమ్ము ఎందుకు రాశానో నాకే తెలీదు.

ఇప్పటిదాకా: పాత వాక్‌లు 42, సెషన్లు 76, పేలడాలు 67, దూరం 29 అంగలు (19 మీటర్లు), తేరుకునే టైం 50 సెకన్లు, కిటికీ దగ్గర రోజుకి 1 లేదా 0, కరవడాలు ఆ ఒక్కటే, బరువు 14.3.

150వ రోజు, ఈవేళ: బకిల్స్ లాగి చూస్తుంటే నడుము పట్టీ కుట్టు రెండు చోట్ల పోగులొచ్చి కనబడింది. బయటికి వెళ్ళలేదు. అదే సైజు కొత్తది వచ్చింది కానీ వాసన కొత్త, బకిల్ చప్పుడు కొత్త, అందుకని ఇవ్వాళ గిన్నె పక్కన ఊరికే పడేశా. మెడ చాచి ఒకసారి వాసన చూసి, గిన్నెకి అటు పక్కకి జరిగి తిన్నది. రేపు కూడా అక్కడే ఉంటుంది.